బాపు అడుగేస్తే...

అల్లుడి కాళ్లు కడిగే తండ్రి మనకు తెలుసు. మగపెళ్లివారి ముందు చేతులు జోడించి నిలబడే తండ్రి తెలుసు. అప్పగింతల వేళ స్తంభం చాటుకెళ్లి కళ్లు తుడుచుకునే తండ్రీ తెలుసు. మరి నలుగురిలో కూతురి చెయ్యి పట్టుకుని చిందేసే తండ్రి? జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పెళ్లిళ్లలోకి ఈమధ్యే అడుగుపెట్టిన ఆ రెండు నిమిషాల ఆట వెనక పెద్ద కథే ఉంది!

సంగీత్ జోరుగా సాగుతోంది. పెళ్లికూతురి స్నేహితురాళ్లు ఆడారు. వదినలు, బావలు ఆడారు. చిన్నపిల్లల సంగతి సరేసరి! అంతలో డీజే చప్పుడు తగ్గుతుంది. మైకు పట్టుకున్న కుర్రాడు 'ఇప్పుడు మన పెళ్లికూతురు... వాళ్ల నాన్న' అని పిలుస్తాడు. వంటవాళ్ల దగ్గర నిలబడి లెక్కలు చూసుకుంటున్న ఆ పెద్దమనిషి ఉలిక్కిపడతాడు. 'నాకెక్కడ అస్తది బిడ్డా' అంటూ వెనక్కి జంకుతాడు. పిల్ల ఊరుకోదు. 'రా బాపూ, ఒక్కసారి' అని చెయ్యి పట్టుకుని లాక్కొస్తుంది. భుజం మీది కండువా జారిపోతుంటుంది, అడుగు తడబడుతుంటుంది. పాట సగానికి వచ్చేసరికి తండ్రి కళ్లలో నీళ్లు. కుర్చీల్లో కూర్చున్న ఆడవాళ్లందరి కళ్లలోనూ నీళ్లే!

ఉత్తర తెలంగాణలోని చిన్న పట్టణాల ఫంక్షన్ హాళ్లలోనూ ఇలాంటి దృశ్యాలు కనిపిస్తున్నాయి. 'ఇదంతా టీవీల పైత్యం' అని పెదవి విరిచే పెద్దలున్నారు. 'ముచ్చటగా ఉంది' అని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. ఇంతకీ ఎక్కడిదీ ఆట? మన గడపలో దీనికి అర్థమేంటి?

దూరం నుంచి వచ్చిన చుట్టం

పాశ్చాత్య దేశాల్లో చర్చి పెళ్లంటే తండ్రి కూతురి చెయ్యి పట్టుకుని వేదిక దాకా నడిపించుకొస్తాడు. అక్కడ వరుడికి అప్పగిస్తాడు. ఆ తర్వాత విందు. విందులో కొత్త దంపతుల తొలి నృత్యం, వెంటనే తండ్రీ కూతుళ్ల నృత్యం. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో వియన్నాలో ఊపందుకుని యూరప్ అంతా పాకిన వాల్ట్జ్ అడుగులే చాలాకాలం ఇలాంటి నృత్యాలకు ఆధారం. మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల్లోనైతే పెళ్లిదాకా ఆగరు. ఆడపిల్లకు పదిహేనేళ్లు నిండగానే 'కిన్సెఆన్యేరా' అనే వేడుక చేస్తారు. అందులో కూతురు తండ్రితో కలిసి వాల్ట్జ్ ఆడటమే ముఖ్య ఘట్టం. మన ఓణీల వేడుకకు దూరపు చుట్టమన్నమాట.

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడి రిసెప్షన్లలో ఈ ముచ్చటను కలుపుకున్నాయి. ఉత్తరాది నుంచి హల్దీ, సంగీత్ మన పెళ్లిళ్లలోకి వచ్చాయి. రెండూ కలిసి ఫోన్ తెరల మీదుగా పల్లెల దాకా చేరాయి. 2021 ఆగస్టులో గోదావరి అవతలి ఒడ్డున మంచిర్యాల జిల్లాలో ఓ కొత్త పెళ్లికూతురు బరాత్‌లో 'బుల్లెట్టు బండి' పాటకు వరుడి ముందు ఆడిన వీడియో గుర్తుంది కదా! మోహన భోగరాజు పాడిన ఆ పాట తెలుగునాట ఊరూరా మోగింది. తలొంచుకుని కూర్చోవాల్సిన పెళ్లికూతురు లేచి ఆడటాన్ని ఇంటిల్లిపాదీ చప్పట్లు కొడుతూ చూశారు. కూతురు ఆడాక తండ్రి వంతు రావడానికి ఎంతసేపు?

ఆడపిల్ల తండ్రికి ఆట లేదు

నిజానికి మన దగ్గర మగవాళ్లు ఆడరని ఎవరన్నారు? బోనాలకు ఆడతారు, పీర్ల పండక్కి ఆడతారు. తీన్మార్ దెబ్బ పడితే కాలు నిలవదు. పెళ్లి బరాత్ అయితే చెప్పనే అక్కర్లేదు. అర్ధరాత్రి దాకా బ్యాండు ముందు చిందులే చిందులు. వరుడి బాబాయిలు, మేనమామలు, ఆఖరికి తాతయ్య కూడా ఓ అడుగేస్తాడు.

ఆ గుంపులో కనిపించని మనిషి ఒక్కడే... అమ్మాయి తండ్రి!

ఎలా కనిపిస్తాడు? ఎదురుకోళ్ల దగ్గర మొదలవుతుంది ఆయన నిలబడటం. మగపెళ్లివారు దిగారా, చాయ్ అందిందా, ఎవరైనా అలిగారా... ఆయన చూపంతా అక్కడే. పీటల మీద కూర్చుంటే అల్లుడి కాళ్లు కడగాలి. పంక్తిలో కూర విస్తరి విస్తరికీ సరిగ్గా పడిందో లేదో చూడాలి. ఎవరేమన్నా నవ్వుతూ చేతులు జోడించాలి. ఊళ్లో పదిమందికి తీర్పు చెప్పే పెద్దమనిషైనా సరే, బిడ్డ పెళ్లిలో మాత్రం ఒక మెట్టు కిందే. 'ఆడపిల్ల తండ్రి' అన్న మాటలోనే ఆ వంగిన వెన్ను కనిపిస్తుంది.

పెళ్లి ఇద్దరిదే అయినా సంబరం మాత్రం ఒక పక్షానిదే. ఆడేది వాళ్లు... అరుసుకునేది వీళ్లు. అందుకే, సంగీత్ వేదిక మీద తండ్రి వేసే ఆ తడబాటు అడుగు చిన్నదేం కాదు. 'ఇది నా బిడ్డ పెళ్లి. నాకూ సంతోషమే' అని నలుగురి ఎదుటా వెన్ను నిటారుగా పెట్టి చెప్పడం. ఎక్కడో పుట్టిన ఆటకు మన నేల మీద కొత్తగా మొలిచిన అర్థమది.

చేతులు చెప్పే మాటలు

అలాగని మన పెళ్లిలో తండ్రీ కూతుళ్ల మధ్య ఏమీ లేదనుకుంటే పొరపాటే. మన ఆచారాల్లో ప్రేమంతా చేతుల్లోనే ఉంటుంది. కన్యాదానంలో తల్లి నీళ్లు వదులుతుంటే తండ్రి బిడ్డ చేతిని అల్లుడి చేతిలో పెడతాడు. అప్పగింతల్లో కూతురి చేతులు పాలలో ముంచి అత్త, మామ, ఆడబిడ్డ, మరిది... ఒక్కొక్కరి చేతుల్లో పెడతారు. 'తప్పు చేస్తే కడుపులో పెట్టుకోండి' అని చెప్పబోయి మధ్యలో గొంతు పూడుకుపోని తండ్రి ఎవరు?

ఒడిబియ్యం సంగతి చూడండి. పసుపు కలిపిన బియ్యం, ఎండు కుడుకలు, వక్కలు, ఖర్జూరాలు బిడ్డ ఒడిలో పోస్తారు. పెళ్లినాడే కాదు, ఆ తర్వాతా వీలున్నప్పుడల్లా పుట్టింటికి పిలిచి ఒడి నింపుతారు. 'నువ్వు వెళ్లిపోయావు కానీ నీ ఒడి నింపాల్సిన పని మాకింకా ఉంది' అని చెప్పడమే అది.

ఇక బతుకమ్మ. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా తొమ్మిది రోజుల ఆట ఆడవాళ్లదే. కానీ తెల్లారకముందే లేచి, మంచులో తడిసిన గునుగు, తంగేడు కోసుకొచ్చేది ఎవరు? చాలా ఇళ్లల్లో తండ్రే! పెళ్లయి తొలిసారి పండక్కి వచ్చిన బిడ్డ బతుకమ్మ వాడకట్టులో అందరికంటే ఎత్తుండాలని ఆయన పట్టుదల. పూలు పేర్చడంలోనూ చెయ్యేస్తాడు. సాయంత్రం చెరువు కట్ట మీద దూరంగా నిలబడి, వలయంలో తిరుగుతున్న కూతుర్నే చూస్తుంటాడు. ఆడకుండానే బిడ్డ ఆటలో పాలు పంచుకోవడమంటే ఇదే మరి.

ముస్లిం ఇళ్లల్లో రుఖ్సతీ వేళా ఇంతే. నిఖాలో వలీగా బాధ్యత తీసుకునేది తండ్రి. ఖురాన్ నీడలో కూతుర్ని గడప దాటించేటప్పుడు అబ్బా గొంతూ పూడుకుపోతుంది. క్రైస్తవ పెళ్లిళ్లలో తండ్రి చెయ్యి పట్టుకునే అమ్మాయి వేదిక దాకా నడుస్తుంది. మతమేదైనా తండ్రికి దక్కిన పాత్ర ఒక్కటే... పంపడం.

ఈ వీడ్కోలు దృశ్యాలన్నింటిలో లేనిది ఒక్కటుంది. తండ్రీ బిడ్డా కలిసి నవ్వే క్షణం!

చుట్టీ దొరకని బాపు

ఆ క్షణం విలువేంటో జగిత్యాల, కోరుట్ల వాళ్లని అడగాలి. 1970ల నుంచి ఈ ప్రాంతపు మగవాళ్లు గల్ఫ్ బాట పట్టారు. దుబాయ్, మస్కట్, సౌదీ, కువైట్... పేరు ఏదైనా ఇంట్లోవాళ్లకు అన్నీ 'దుబాయే'. బిడ్డ ఉయ్యాలలో ఉండగా వెళ్లిన మనిషి చుట్టీ మీద వచ్చేసరికి ఆ పిల్ల నడుస్తుంటుంది. 'ఎవరీయన?' అన్నట్టు తల్లి కొంగు చాటుకు వెళ్తుంది. మళ్లీ వచ్చేసరికి బడికి, ఆ తర్వాత కాలేజీకి. అత్తరు సీసా, మెత్తటి దుప్పటి తెచ్చిన మనిషి నెలో రెండు నెలలో ఉండి వెళ్లిపోతాడు. లెక్కేస్తే కొందరు కూతుళ్లు తండ్రితో కలిసి ఉన్నది ఇరవయ్యేళ్లలో రెండేళ్లు కూడా ఉండదు!

ఒకప్పుడు ఊరొచ్చే మనిషి చేతికి క్యాసెట్లో గొంతు నింపి పంపేవాళ్లు. తర్వాత ఎస్టీడీ బూతుల ముందు క్యూలు. ఇప్పుడు వీడియో కాల్. అయితే ఫోన్లో ఎన్ని మాటలు చెప్పుకొన్నా పక్కన కూర్చున్నట్టు అవుతుందా? ఇంటి దగ్గర తల్లి బీడీలు చుడుతూ, పిల్లలకు తల్లీ తండ్రీ తానే అవుతూ రోజులు గడుపుతుంది. నాన్న పంపిన డబ్బుతో బడి ఫీజు, అప్పు మీది మిత్తి, చివరికి పెళ్లి. తన కష్టంతో జరిగే ఆ పెళ్లికి తానే రాలేని తండ్రులు ఎందరో. కంపెనీ చుట్టీ ఇవ్వదు, పాస్‌పోర్టు యజమాని దగ్గరుంటుంది. లేదంటే విమాన టికెట్ డబ్బులు పెళ్లి ఖర్చుకే పనికొస్తాయని ఆయనే ఆగిపోతాడు. 2020లో కరోనా వచ్చి విమానాలే ఆగిపోతే, పెళ్లి మంటపంలో స్టీలు కుర్చీ మీద ఫోన్ నిలబెట్టి తండ్రికి తలంబ్రాలు చూపించాల్సి వచ్చింది.

ఇంకా బరువైన కథలూ ఉన్నాయి. ఓ హత్య కేసులో దుబాయ్ జైలుపాలైన సిరిసిల్ల జిల్లాకు చెందిన ఐదుగురు దాదాపు పద్దెనిమిదేళ్ల తర్వాత 2024లో విడుదలై ఇల్లు చేరారు. పద్దెనిమిదేళ్లంటే ఒక ఆడపిల్ల పుట్టి పెళ్లీడుకొచ్చేంత కాలం!

అలాంటి ఊళ్లో, పెళ్లికి వారం ముందు దిగిన తండ్రి, మొన్నటిదాకా ఫోన్లో మాత్రమే మాట్లాడిన కూతురు పదిమంది ముందు చేతులు పట్టుకుని నిలబడితే దాన్ని ఫ్యాషన్ అని కొట్టిపారేయగలమా? చిన్నప్పుడు ఎత్తుకుని తిప్పలేకపోయిన తండ్రి, ఇప్పుడైనా ఒక్కసారి తిప్పుతున్నాడనుకోవాలి.

సాంచాల చప్పుడులో

సిరిసిల్ల తండ్రి దూరదేశం వెళ్లకపోయినా దూరమే. ఇక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. పన్నెండు గంటల షిఫ్టు. పగలైతే పిల్లలు బడికి వెళ్లాక వస్తాడు, రాత్రయితే పిల్లలు పడుకున్నాక. సాంచాల మధ్య మాట వినపడదు, సైగలే భాష. ఆ అలవాటుతో ఇంట్లోనూ మాట తక్కువే. ఒకప్పుడు పని కోసం భీవండి, సోలాపూర్ వెళ్లినవాళ్లూ తక్కువేం కాదు.

పని లేక, అప్పులు తీరక నేతన్నలు ప్రాణాలు తీసుకున్న కాలంలో 'ఉరిసిల్ల' అన్న పేరు పడింది ఈ ఊరికి. ఆ దుఃఖం వెనక ఎన్ని ఇళ్లల్లో పెళ్లీడు కూతుళ్లున్నారో! ఈ వైరుధ్యం చూడండి... ఊరంతా బట్ట నేసే ఊరే. కానీ బిడ్డ పెళ్లికి పట్టుచీర కొనాలంటే నేత కార్మికుడు అప్పు చేయాల్సిందే. ఆయన సాంచా మీద దిగేది పాలిస్టర్ బట్ట మరి.

2017 నుంచి కొన్నేళ్లపాటు రాష్ట్ర ప్రభుత్వం బతుకమ్మ చీరలు నేసే పని సిరిసిల్లకు ఇచ్చింది. ఏటా దాదాపు కోటి చీరలు. ఊరూరా ఆడబిడ్డలు కట్టుకునే చీర ఈ తండ్రుల చేతుల మీదుగా వెళ్లింది. తన బిడ్డకు నచ్చిన చీర కొనివ్వలేకపోయానని బాధపడే మనిషి, రాష్ట్రంలోని బిడ్డలందరికీ నేసి పంపాడు! మాటల్లో చెప్పడం రాని ఇలాంటి మనిషికి పాట చాలా మేలు చేస్తుంది. పాట ఉంటే మాట్లాడక్కర్లేదు. చెయ్యి పట్టుకుంటే చాలు.

ఇచ్చేయడమా... పట్టుకోవడమా?

కన్యాదానంలో తండ్రి చెయ్యి బిడ్డను ఇస్తుంది. ఈ ఆటలో అదే చెయ్యి బిడ్డను పట్టుకుంటుంది. తేడా అక్కడే ఉంది.

'పెళ్లి చేస్తే పరాయిదే' అన్న మాట మనసుల్లోనే కాదు, చట్టంలోనూ చాలాకాలం ఉంది. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నుంచి ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇచ్చింది. అప్పట్లో అది పెద్ద అడుగే. కానీ ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు! 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ పెళ్లి గీతను చెరిపేసింది. 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేదా అన్నదానితో సంబంధం లేదని స్పష్టం చేసింది. అంటే చట్టం దృష్టిలో మూడుముళ్లు పడ్డాక కూడా కూతురు ఆ ఇంటి మనిషే.

ఇళ్లల్లో అంత తేలిగ్గా ఉందా? 2023లో వచ్చిన 'బలగం' సినిమానే తీసుకోండి. సిరిసిల్ల బిడ్డ వేణు యెల్దండి తీసిన ఆ కథలో విందులో నల్లి బొక్క దగ్గర మొదలైన అలక, ఆడబిడ్డను ఏళ్ల తరబడి పుట్టింటికి దూరం చేస్తుంది. తండ్రి పోయాకగానీ ఆమె ఆ గడప తొక్కదు. ఊరూరా తెరలు కట్టి ఆ సినిమా చూసి ఏడ్చారంటే, అలాంటి గడప ప్రతి ఊళ్లోనూ ఉందనేగా! బావామరుదుల మధ్య మాట పట్టింపు వస్తే నలిగేది తండ్రీ కూతుళ్లే.

అందుకే పెళ్లినాటి ఆటకు అసలు పరీక్ష పెళ్లి తర్వాతే. 'నా బిడ్డ' అని అందరి ముందూ చెయ్యి పట్టుకున్న తండ్రి, రేపు ఆ బిడ్డ కష్టమొచ్చి గడప దగ్గర నిలబడితే 'సర్దుకుపో' అని తిప్పి పంపితే ఆ ఆటకు అర్థమే లేదు. 'నీ గది నీకే ఉంది, రా' అనగలిగితే మాత్రం ఆ రెండు నిమిషాలు నూరేళ్ల ధైర్యం.

అప్పుతో ఆడొద్దు

ఇందులో ఓ ప్రమాదమూ పొంచి ఉంది. మంచి ముచ్చటను ఆడంబరంగా మార్చడానికి మనకు ఎంతోసేపు పట్టదు. హల్దీకి ఒక సెట్టింగు, సంగీత్‌కు ఇంకొకటి. నృత్యం నేర్పే మాస్టారు, డ్రోన్ కెమెరా, రీల్స్ తీసే కుర్రాళ్లు... అన్నీ కలిసి తండ్రి నెత్తిన మరో మూట. వరకట్న నిషేధ చట్టం వచ్చింది 1961లో. అయినా కట్నాలు, లాంఛనాలు ఆగలేదు. జగిత్యాల, కోరుట్ల వైపు పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్మేవేళకే మాఘమాసపు ముహూర్తాలు. ధర పలికితేనే పెళ్లి నిశ్చింతగా జరిగే ఇళ్లెన్నో. 2019 లోక్‌సభ ఎన్నికల్లో ఈ రెండు నియోజకవర్గాలూ ఉన్న నిజామాబాద్ స్థానంలో 185 మంది బరిలో నిలిచారు. వాళ్లలో అత్యధికులు పసుపు, ఎర్రజొన్న ధరల కోసం నామినేషన్ వేసిన రైతులే. కల్యాణలక్ష్మి పథకం 2014లో 51 వేల రూపాయలతో మొదలై 2018 నాటికి 1,00,116 రూపాయలకు చేరింది. ఆ చెక్కు అప్పు తీర్చడానికి పనికి రావాలిగానీ డీజే లైట్లకు కాదు.

తండ్రి లేని ఆడపిల్లల మనసూ చూడాలి. గల్ఫ్ నుంచి పెట్టెలో తిరిగొచ్చిన తండ్రులున్న ఊళ్లివి. స్నేహితురాలి పెళ్లిలో ఈ ఆట చూసి గుడ్లనీరు కుక్కుకునే పిల్ల ఆ హాల్లోనే ఉండొచ్చు. అలాంటి పిల్ల పెళ్లిలో బీడీలు చుట్టి పెంచిన తల్లి ఆడితే? ఎత్తుకుని తిప్పిన మేనమామ ఆడితే? చదువు మానేసి చెల్లిని చదివించిన అన్న ఆడితే? అదీ ఇదీ ఒక్కటే. చెయ్యి పట్టుకోవడమే ముఖ్యం, వరుస కాదు.

మీ ఇంట్లోనూ ఆడాలనుకుంటే...

* బాపును ముందే అడగండి. అందరి ముందూ ఒక్కసారిగా లాగితే కొందరు చిన్నబుచ్చుకుంటారు. వద్దంటే వద్దు, పక్కన కూర్చుని పాట విన్నా చాలు.

* కొత్త పాటే ఉండాలని లేదు. చిన్నప్పుడు ఆయన కూనిరాగం తీసిన పాట, కలిసి చూసిన సినిమా పాట ఏదైనా సరే. అడుగులు నేర్పించొద్దు. తప్పుగా వేసిన అడుగే తర్వాత గుర్తుంటుంది.

* తండ్రి రాలేని దేశంలో ఉంటే ముహూర్తం హడావుడిలో కాకుండా ముందురోజు తీరిగ్గా వీడియో కాల్ చేయండి. అక్కడాయన, ఇక్కడ మీరు. మధ్యలో ఒక పాట.

* వియ్యపురాలికి, వియ్యంకుడికి కూడా ముందే చెప్పండి. వీలైతే వాళ్లనీ వేదిక మీదికి పిలవండి. ఇద్దరు తండ్రులూ కలిసి ఆడిన పెళ్లిలో ఎవరూ ఒక మెట్టు కింద ఉండరు.

* ఫోన్లు కాసేపు పక్కన పెట్టమనండి. ఒకరు తీస్తే చాలు, మిగతావాళ్లు చూడాలి.

పాట అయిపోతుంది, లైట్లు వెలుగుతాయి. తెల్లవారితే కాళ్లు కడగాలి, చెయ్యి అప్పగించాలి, కారు తలుపు వేసి సాగనంపాలి. అన్నీ పాత పద్ధతిలోనే జరుగుతాయి. అయితే ఆ చెయ్యి ముందురోజు రాత్రి తనతో నవ్వుతూ ఆడిన చెయ్యి. అది బిడ్డకు తెలుసు. బాపుకూ తెలుసు. వచ్చే బతుకమ్మకు గునుగు పూలు కోసుకొచ్చి ఆయన ఎదురుచూస్తాడని కూడా తెలుసు!